ఊడదీసే రెక్క గారికి రెండో మనిషి రాయునది

మహారాజశ్రీ ఊడదీసే రెక్క గారికి, టెక్సాస్ రాష్ట్రం డాలస్ పక్కన ఒక పేటలో కాపురముంటున్న రెండో మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అన్నది మర్యాదకే. కుశలంగా ఉన్నది మీరు. నా నడుము సంగతి కింద మనవి చేసుకుంటాను.

నన్ను మీరు ఎరగకపోవచ్చు గానీ మీ బ్రోచర్లలో నేనున్నాను. "ఇద్దరు మనుషులు అయిదు నిమిషాల్లో రెక్కలు విప్పి ట్రైలర్ మీద పెట్టుకోవచ్చు" అని ఇంట్లో కట్టుకునే చిన్న విమానాల వాళ్ళు ఏళ్ళ తరబడి రాస్తున్నారు కదా. ఆ ఇద్దరిలో మొదటివాడు విమానం ఆసామి. రెండోవాణ్ణి నేను. మొదటివాడికి లైసెన్సు ఉంటుంది, హెడ్‌సెట్టు ఉంటుంది, రెక్క మీద చెయ్యేసి దిగిన ఫోటో ఉంటుంది. రెండోవాడికి రెక్క చివర ఉంటుంది. దాన్ని పట్టుకుని నిలబడాలి. "కొంచెం పైకి... కాదు కాదు, కిందికి... ఆఁ, అక్కడే, కదలకు." నా విమానయాన అనుభవం మొత్తం ఇదే.

మా ఆసామి నాకు పెదనాన్న కొడుకు. పగలు బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేరు, రాత్రి గ్యారేజీలో రివెట్లు. ఏ కంపెనీ కిట్టో చెప్పను, పేరు తీస్తే అన్నయ్య మాట్లాడటం మానేస్తాడు. అమెరికాలో ఇదేమీ వింత కాదు. సగానికి పైగా పని నువ్వే, సరదాకో నేర్చుకోడానికో, చేశావని చూపిస్తే సర్కారు దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ అని ముద్రవేసి ఎగరనిస్తుంది. 1953లో విస్కాన్సిన్‌లో పాల్ పొబెరెజ్నీ మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వాళ్ళు ఏటా ఆష్‌కాష్‌లో పెద్ద జాతర చేస్తారు. అన్నయ్య ఒక ఏడు ఆ జాతరకు పోయాడు. వస్తూ మిమ్మల్ని మనసులో పెట్టుకుని వచ్చాడు.

ఎందుకంటే ఇక్కడి చిన్న ఎయిర్‌పోర్టుల్లో హ్యాంగర్, అంటే విమానాన్ని పెట్టుకునే షెడ్డు, దొరకడం గగనం. పేరు రాయించుకుని ఎదురుచూడాలి, దొరికాక నెలనెలా అద్దె కట్టాలి. బయట కట్టేద్దామంటే టెక్సాస్ వడగళ్ళు అల్యూమినియం రేకును ఊరికే వదిలిపెట్టవు. సరిగ్గా అప్పుడు మీరు ఆయన చెవిలో ఊదారు: "నన్ను విప్పెయ్. ఇంట్లో పెట్టుకో. శనివారం పొద్దున్నే కట్టుకుపోయి ఎగిరి, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్." చెత్తడబ్బా వీధిలో ఒక పూట ఎక్కువుంటేనే ఉత్తరం రాసే పేట సంఘం, డ్రైవ్‌వేలో విమానాన్ని చూస్తే ఏమంటుందని నేనడిగాను. అడక్కపోతే వాళ్ళూ ఏమీ అనరన్నాడు.

ఇక మీ అయిదు నిమిషాల సంగతి. మా ఊళ్ళవైపు "హైవేకి అయిదు నిమిషాల దూరం" అని ప్లాట్లు అమ్ముతారు చూడండి, సరిగ్గా ఆ అయిదు నిమిషాలే మీవీ. అబద్ధమనను. పిన్ను లాగడానికి నిజంగానే అంతకంటే పట్టదు. ఆ పిన్ను దగ్గరికి చేరడానికే సగం పూట పడుతుంది. ముందు రెండో మనిషి నిద్రలేవాలి. గాలి లేని పొద్దు చూసుకోవాలి. రెక్క మొదట్లో సందు మూసే రేకు విప్పాలి, లైట్ల తీగలు ఊడదీయాలి, ట్రైలర్‌ను సమంగా నిలపాలి. అప్పుడు ఒకరు మొదట్లో, ఒకరు చివర్లో పట్టుకుని, ఇంచి కూడా అటూ ఇటూ పోకుండా తిన్నగా బయటికి లాగాలి. రెక్కకు తెలిసిన విద్య ఒక్కటే. విమానానికి తగిలించి ఉన్నా లేకున్నా అది ఆ విద్య మరిచిపోదు. కాస్త గాలి తగిలితే చాలు, చివర పట్టుకున్నవాణ్ణి కూడా తీసుకుని లేద్దామని చూస్తుంది. నా నడుము పట్టేసింది అప్పుడే.

తర్వాత రోడ్డు. ఇక్కడి హైవేల మీద 102 అంగుళాల వెడల్పు దాటకూడదు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. రెక్కలు తీసేసినా తోక రెక్క వెడల్పు తోకదే. అది కొలుచుకోవాలి. దారిలో పెట్రోలు బంకులో ఆగితే నలుగురు చేరి అడుగుతారు: "నిజంగా ఎగురుతుందా?" మొదటివాడు సంతోషంగా మొదటి రివెట్టు నుంచి చెబుతాడు. రెండోవాడు ఎండలో పట్టీలు బిగిస్తూ వింటాడు. ఎయిర్‌పోర్టులో ఇదంతా తిరగేసి చెయ్యాలి. సాయంత్రం ఇంకోసారి, మళ్ళీ తిరగేసి. మధ్యలో ఎగరడానికి మిగిలిన టైములో ఎండ ముదిరి, గాలి లేచి, "ఇవాళ్టికి వద్దులే" అని ఇంటికి వచ్చేసిన శనివారాలు కూడా ఉన్నాయి. అయినా వదిన అడిగితే "బాగా ఎగిరాం" అనే చెప్పాం.

తిట్టడానికే ఉత్తరం రాస్తున్నానని అనుకోవద్దు. మిమ్మల్ని నిజంగా మర్యాదగా చూసుకున్నవాళ్ళు ఉన్నారు. 1992లో మొదట ఎగిరిన యూరోపా విమానాన్ని ఇంగ్లండులో ఐవన్ షా మొదటి గీత నుంచీ ఇంటి దగ్గర ట్రైలర్ మీద ఉంచుకునేలాగే గీశాడు. ఆరెగాన్‌లోని వ్యాన్స్ వాళ్ళ ఆర్‌వీ-12 సంగతి విన్నప్పుడైతే నాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది. మామూలు చిన్న విమానాల్లో పెట్రోలు రెక్కల్లో ఉంటుంది. రెక్క ఊడాలంటే పైపులు ఊడదీయాలి కదా, అందుకని ట్యాంకును తీసుకొచ్చి సీట్ల వెనక, సామాను పెట్టుకునే చోట పెట్టారు. గాలి వేగం చెప్పే పిటాట్ గొట్టం మామూలుగా రెక్క కింద ఉంటుంది. దాని పైపూ ఊడదీయకూడదని, గొట్టాన్ని ఏకంగా ముందు ప్రొపెల్లర్ మధ్యలోంచి బయటికి తీశారు. విమానాన్ని పక్కలకు వంచే ఐలెరాన్లు, నెమ్మదిగా దిగడానికి సాయపడే ఫ్లాపులు వేరువేరుగా ఉంటే రెండు జాయింట్లు కావాలి, అందుకని రెండు పనులూ ఒకే పలకకు అప్పగించి, రెక్క తోయగానే దానంతటది తగులుకునేట్టు చేశారు. ఇక పిన్నులు సరిగ్గా కూర్చోకపోతే ఇంజను స్టార్టే కాకుండా అక్కడ స్విచ్చులు పెట్టారు.

ఇంతా ఎవరి కోసం? మీ కోసం. విమానంలో తలా ఒకరు తమ చోటు ఖాళీ చేసి మీకు దారిచ్చారు. ఇంత సర్దుకుని కట్టిన విమానం కొన్నవాళ్ళలో వారం వారం మిమ్మల్ని విప్పేవాడు ఒక్కడు కనిపిస్తే నాకు చూపించండి, రెండో మనిషి చేయి తాకి కళ్ళకద్దుకుంటాను.

మీలో మీకే తేడాలున్నాయని అన్నయ్య ఒక రాత్రి తెల్లకాగితం మీద లెక్కవేసి చూపించాడు. నాకు పూర్తిగా అర్థమైన ఒకే ఒక విమానం లెక్క అది, కాబట్టి అప్పజెప్తాను. విమానం 600 కిలోలనుకోండి. ఒక్కో రెక్క 300 కిలోలు మోస్తుంది. ఆ మోతంతా మొదలు నుంచి మీటరున్నర దూరంలో ఉన్నట్టు అనుకుంటే, మొదట్లో వంచే బలం 450 కిలోగ్రాము-మీటర్లు. ఇప్పుడు రెక్క వెన్నుదూలాన్ని, అంటే స్పార్‌ను, విమానం గోడ దగ్గరే కోసేసి, పైన ఒక పిన్ను కింద ఒక పిన్ను పెట్టారనుకోండి. రెండింటి మధ్య ఎడం 15 సెంటీమీటర్లయితే ఒక్కో పిన్ను మీద 3,000 కిలోలు పడతాయి. అలా కాకుండా, స్పార్‌ను నాలుకలాగా విమానం పొట్టలోకి పొడుగ్గా దూర్చి, రెండు నాలుకలనూ పక్కపక్కన చేర్చి, మీటరు ఎడంగా అటొకటి ఇటొకటి పిన్నులు పెడితే? 450 కిలోలే. గాల్లో కుదుపులకు, మలుపులకు దీన్ని నాలుగుతో హెచ్చవేసుకోవాలి, 4 జీ అంటారు, సెల్లు సిగ్నల్ కాదు. మొదటి పద్ధతిలో 12 టన్నులు, రెండో పద్ధతిలో 1.8. అందుకే ఇంజను లేకుండా ఎగిరే గ్లైడర్లు, ఆర్‌వీ-12, యూరోపా లాంటివన్నీ నాలుక చాపుతాయి. గోడ దగ్గరే తెగే రెక్కలకు మాత్రం లావు ఫిట్టింగులు, వాటి బరువు, ఆ బరువును పొగిడే బ్రోచర్లు తప్పవు.

బోల్టు బిగిస్తే రెండు ముక్కలు ఒకటిగా అతుక్కుంటాయి. పిన్ను బిగించదు, దూరుతుంది అంతే. దూరి రావాలంటే వెంట్రుకంత సందు ఉండాలి. మిమ్మల్ని తీసి పెట్టిన ప్రతిసారీ ఆ వెంట్రుక కాస్త లావెక్కుతుంది. కొన్నాళ్ళకు రెక్క చివర పట్టుకుని ఊపితే మొదట్లో "టక్" అని వినిపిస్తుంది. ఆ ఊపి చూసే పని కూడా నాదే. వినిపించిందా అని అన్నయ్య అడుగుతాడు. వినిపించిందంటే రంధ్రం సాగిందో లేదో కొలవాలి, రంధ్రంలో కొత్త తొడుగు, అంటే బుష్, వెయ్యాలి, ఇంకో శనివారం పోతుంది.

మీ పూర్వీకుల గొప్ప కూడా విన్నాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో విమానాల కంపెనీ ఆసామి లెరాయ్ గ్రమ్మన్ ఒక రబ్బరు ముక్కలో పేపర్ క్లిప్పులు గుచ్చి, ఏ కోణంలో తిప్పితే రెక్క వెనక్కి ముడుచుకుని విమానం పక్కన ఒదుగుతుందో కనిపెట్టాడట. వైల్డ్‌క్యాట్ యుద్ధవిమానాలు అలాగే ఓడ డెక్కుల మీద ఇమిడాయి. అది నిజమైన అవసరం. పైగా ఓడలో రెండో మనిషికి కొదవేముంది, వేలమంది ఉంటారు, జీతాలూ ఉంటాయి. అక్కడా మీవాళ్ళ బుద్ధి మారలేదనుకోండి. 1960లో ఇటలీలో నేపుల్స్ దగ్గర ఒక క్రుసేడర్ జెట్ రెక్కల చివర్లు మడిచే ఉండగా గాల్లోకి లేచింది. పైకెళ్ళాక పైలట్ చూసుకుని, మెల్లగా తిప్పుకొచ్చి క్షేమంగా దించాడు. ఆ జెట్టుకు అంత శక్తి ఉంది కాబట్టి సరిపోయింది. మావాడి ఇంజనుకు ఆ వేషాలు చెల్లవు.

1949లో మోల్ట్ టేలర్ ఏరోకార్ అనే ఎగిరే కారు చేశాడు. రెక్కలూ తోకా విప్పి ట్రైలర్‌గా మార్చి కారు వెనకే ఈడ్చుకుపోవచ్చు. అందరూ చూడ్డానికి వచ్చారు, కొనడానికి రాలేదు. తయారైనవి అరడజను దాటలేదు. 1984లో వచ్చిన కిట్‌ఫాక్స్‌ది కాస్త తెలివైన దారి: రెక్కను తియ్యదు, ముందు పిన్ను తీసి వెనక కీలు మీద తోకవైపు మడుస్తుంది. రెక్క నేలమీద పడే భయం లేదు, రెండో మనిషికి నడుమూ మిగులుతుంది. మీ వంశంలో నేను పెళ్ళి సంబంధం చూడాల్సొస్తే ఆ ఇంటికే వెళ్తాను.

మిమ్మల్ని మనస్ఫూర్తిగా వాడేది గ్లైడర్ వాళ్ళే. వాళ్ళకు హ్యాంగర్ కల లేదు. ఎగిరొచ్చిన సాయంత్రమే విప్పి పొడుగాటి పెట్టె ట్రైలర్లో పడుకోబెడతారు. రెండో మనిషికి అక్కడ ఒక హోదా ఉంది. కంట్రోళ్ళు తగిలించాక ఒకడు కాక్‌పిట్‌లో స్టిక్ కదుపుతుంటే, ఇంకొకడు బయట ఐలెరాన్‌ను గట్టిగా పట్టుకుని, బలం నిజంగా చేరుతోందో లేదో చూస్తాడు. అది చూడకుండా ఎగిరి చనిపోయినవాళ్ళున్నారు. పాత గ్లైడర్లలో లోటెలియే అనే గోళీ జాయింట్లు ఉండేవి. తగులుకున్నట్టే కనిపించి, తగులుకోకుండా ఉండేవి. ప్రాణాలు పోయాక వాటికి అదనంగా సేఫ్టీ పిన్ను తప్పనిసరి చేశారు. ఈ ఒక్క చోట నాకు వేళాకోళం రాదు. మా ఇద్దరిలో కూడా ఆ పరీక్ష అయ్యేదాకా ఫోను ముట్టుకునే ప్రసక్తి లేదు, ఎవరు పలకరించినా జవాబు లేదు.

అసలు మాట చెప్పాలంటే, ఇంట్లో కట్టిన ప్రతి విమానం రెక్కా ఒక్కసారైనా ఊడాల్సిందే. గ్యారేజీ తలుపులోంచి రెక్కలతో బయటికి రాదు కదా. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానం కూడా 2016లో మేక్ ఇన్ ఇండియా వేడుకకు విప్పుకునే దిగింది. ఆ ఒక్కరోజు పనికి బోల్టులు చాలు. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. మీరు అమ్ముతున్నది ఆ ఒక్కరోజును కాదు, వచ్చే ఏళ్ళ శనివారాలన్నిటినీ. వాటిని కొన్నవాడికి శనివారాలు లేవు, పిల్లల కూచిపూడి క్లాసులున్నాయి.

ఇప్పుడు అన్నయ్య ఇంకో ఇద్దరితో కలిసి హ్యాంగర్ అద్దెకు తీసుకున్నాడు. రెక్కలు బిగించే ఉంచుతాడు. ట్రైలర్ మాత్రం తీరిక లేకుండా తిరుగుతోంది. మా పేటలో ఇల్లు మారిన తెలుగువాళ్ళ సోఫాలన్నీ దాని మీదే వెళ్ళాయి. వినాయక చవితికి స్వామివారు దాని మీదే వచ్చారు, రెక్కకు చేయించిన మెత్తటి ఊయలలోనే కూర్చున్నారు.

కాబట్టి మనవి ఏమనగా: బ్రోచర్‌లో "ఇద్దరు మనుషులు" అన్న చోట రెండోవాడికి కాఫీ, టిఫిను, నడుముకు బెల్టు ఎవరివ్వాలో స్పష్టంగా రాయించండి. అయిదు నిమిషాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చెప్పండి. గాలి ఎంత ఉంటే విప్పకూడదో పెద్దక్షరాల్లో వేయించండి. మూడో మనిషి అవసరమని ఒప్పుకుంటే ఇంకా మంచిది, మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు.

ఇట్లు,
మీ రెక్క చివరి విధేయుడు,
రెండో మనిషి

తా.క.: ఏటా చేయించాల్సిన తనిఖీ కోసం పోయిన వారం మిమ్మల్ని మళ్ళీ విప్పాం. కొత్త విమానానికి మొదటి 40 గంటలు ఎవరినీ ఎక్కించుకోకూడదని రూలుందని అన్నయ్య అప్పట్లో అన్నాడు, సరేనన్నాను. ఆ గంటలు ఎప్పుడో అయిపోయాయని నాకు నిన్న లాగ్‌బుక్ చూస్తే తెలిసింది. కుడివైపు పిన్ను నా దగ్గర భద్రంగా ఉంది. గ్రీజు రాసి గుడ్డలో చుట్టాను. ఎక్కించుకుని ఒక రౌండు తిప్పుతానని అన్నయ్య రాసిస్తే గంటలో తెచ్చిస్తాను.