ప్యాకెట్‌ని చివర్లో కోస్తే లాభమే, ముక్కల లెక్క మాత్రం మరవొద్దు

10 గిగాబిట్ల లింకు నిండుగా నడుస్తుంటే 1500 బైట్ల (మామూలుగా ప్యాకెట్ గరిష్ఠ సైజు) ప్యాకెట్లు సెకనుకు 8 లక్షలకు పైనే వెళ్తాయి. ప్రతిదానికీ టీసీపీ, ఐపీ అనే నెట్‌వర్క్ పొరలు, ఫైర్‌వాల్ మళ్లీ మళ్లీ పనిచేయాలంటే ప్రాసెసర్‌కి ఊపిరాడదు. భారం బైట్లది కాదు, ప్యాకెట్ల సంఖ్యది. అందుకే లైనక్స్ దాదాపు 64 కిలోబైట్ల డేటాను ఒకే ప్యాకెట్‌లా అన్ని పొరలూ దాటించి, ఆఖర్లో ముక్కలు చేస్తుంది. ఆ పని నెట్‌వర్క్ కార్డు చేస్తే టీఎస్ఓ (టీసీపీ సెగ్మెంటేషన్ ఆఫ్‌లోడ్). కార్డుకు ఆ సదుపాయం లేక, డ్రైవర్‌కి ఇచ్చే ముందు లైనక్స్ గుండె అయిన కెర్నలే చేస్తే జీఎస్ఓ (జెనరిక్ సెగ్మెంటేషన్ ఆఫ్‌లోడ్). పంపే మెషీన్‌లో టీసీపీడంప్ (ప్యాకెట్లను చూపించే టూల్) పెడితే 1500 దాటిన ప్యాకెట్లు కనిపించి చాలామంది కంగారు పడతారు. అవి ఇంకా ముక్కలు కాలేదు, అంతే.

ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. దీనికి ఆధారం ఎస్‌కేబఫ్, అంటే కెర్నల్ లోపల ప్యాకెట్‌ని మోసే బఫర్. హెడర్ల (ప్యాకెట్ ముందు ఒక్కో పొర చేర్చే వివరాల) కోసం ముందే ఖాళీ వదిలిపెడతారు, ఒక్కో పొర తన హెడర్ రాసినప్పుడు పాయింటర్ మాత్రం వెనక్కి జరుగుతుంది. డేటా ఎక్కడో పేజీల్లో కదలకుండా ఉంటుంది. బఫర్ దాని చిరునామాలు పట్టుకుని తిరుగుతుంది, మామూలుగా 17 వరకు. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల్లో ఎంబఫ్ అనే బఫర్ల గొలుసు చేసేదీ ఇలాంటి పనే.

అయితే 2019లో నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్ జొనాథన్ లూనీ బయటపెట్టిన శాక్ పానిక్ అనే లైనక్స్ లోపం చూడండి. ఒక్కో చిరునామా వెనక 32 కిలోబైట్లు ఉండొచ్చు. 17 కలిపితే 5,57,056 బైట్లు. అవతలి మెషీన్ తన ఎంఎస్ఎస్ (ఒక్కో ముక్కలో తీసుకునే గరిష్ఠ సైజు) 48 అని చెబితే, టీసీపీ ఆప్షన్లకు 40 పోగా ముక్కకు మిగిలేది 8 బైట్లు. అంటే 69,632 ముక్కలు! వాటిని లెక్కపెట్టే గడి 16 బిట్లది, 65,535 దాటి పట్టదు. శాక్ (ఏయే ముక్కలు అందాయో అవతలివైపు చెప్పే సందేశం) వచ్చినప్పుడు కెర్నల్ బఫర్లను కలిపేస్తూ పోతే ఆ లెక్క పొంగిపోతుంది, మెషీన్ అక్కడికక్కడే పడిపోతుంది. దూరంగా కూర్చున్నవాడు సర్వర్‌ని కూల్చడానికి ఇది చాలు.

ముక్కలు చేయడం వాయిదా వేసినా, ఎన్ని అవుతాయో ముందే లెక్కేయాల్సిందే. ఆ లెక్క సగం అవతలివాడి చేతిలో ఉంది. ప్యాచ్‌తో పొంగడం ఆగింది. కనీస ఎంఎస్ఎస్ పెంచుకునే సెట్టింగూ వచ్చింది, కానీ దాని డిఫాల్ట్ 48గానే ఉంచారు. పాత నెట్‌వర్కులు తెగిపోతాయన్న భయం నాకు అర్థమవుతుంది. అయినా ఐపీవీ4లో అవతలివైపు ఏమీ చెప్పకపోతే తీసుకునే విలువే 536. అంతకంటే బాగా తక్కువ కావాల్సినవాళ్లు తామే తగ్గించుకోవాలి, మిగతా అందరికీ డిఫాల్ట్ పెంచాలి. 2022లో వచ్చిన బిగ్ టీసీపీతో ఐపీవీ6 ప్యాకెట్ కెర్నల్ లోపల 64 కిలోబైట్లనూ దాటగలుగుతోంది, ముక్కలూ పెరుగుతాయి కాబట్టి ఈ మార్పు ఇప్పుడే జరగాలి.