ఆవకాయ దోషి, అన్నం నిర్దోషి

మొటిమకు వయోపరిమితి ఉంది. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా వస్తే "వయసు పొక్కులులే" అని నవ్వి వదిలేస్తారు. పాతిక దాటాక వస్తే మాత్రం అది ఇంటి పరువుకు సంబంధించిన విషయం, విచారణ జరగాల్సిందే. విచారణ చేసేవాళ్ళకి కొదవ లేదు. పక్క ఫ్లాట్ ఆంటీ, ఆఫీసులో పక్క సీటాయన, ఐబ్రోస్ చేసే అమ్మాయి, మన ముఖం చూసి పదేళ్ళయిన పెద్దనాన్న గారి వియ్యపురాలు, అందరూ అర్హులే. ఫీజు తీసుకోరు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. ఫంక్షన్ హాల్లో చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉండగా, నలుగురూ వినేలా "ఏంటమ్మా, ముఖం అంతా అలా అయిపోయింది?" అని మొదలుపెట్టి, మనం నోట్లో ముద్ద మింగేలోపు తీర్పు కూడా చెప్పేస్తారు. తీర్పు ఎప్పుడూ ఒకటే: వేడి చేసింది.

ఈ వేడి సిద్ధాంతానికి నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. ఎప్పటికీ ఓడిపోని సిద్ధాంతం దొరకడం మాటలు కాదు. మామిడిపండు తిన్నాక మొటిమ వస్తే మామిడిపండు వేడి. తినకుండానే వస్తే పోయినవారం తిన్న కోడికూర వేడి. రెండూ తినలేదంటే వేళకి తినలేదు కాబట్టి కడుపులో వేడి. సబ్జా గింజలు నానబెట్టి తాగితే తగ్గిందా, చలవ చేసింది. తగ్గలేదా, లోపల వేడి ఎంత పేరుకుపోయిందో చూడు, ఇంకో గ్లాసు తాగు. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండగా చర్మ డాక్టర్లు ఆంధ్ర, తెలంగాణల్లో క్లినిక్కులు ఎందుకు తెరుస్తున్నారో నాకు అర్థం కాదు.

వాళ్ళు చెప్పేది ఇంకోరకంగా ఉంటుంది. చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయట, ఆండ్రోజెన్ అనే హార్మోన్లు వాటిని నూనె తీయమని తొందరపెడతాయట, ఆ నూనె, చనిపోయిన చర్మకణాలు కలిసి రంధ్రం మూసుకుపోతే లోపల క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పండగ చేసుకుంటుందట, దాంతో వాపు, చీము. ఇందులో ఆవకాయ ఎక్కడుంది? మామిడిపండు ఎక్కడుంది? నింద వేయడానికి ఒక్క తినుబండారమైనా లేని వివరణ మనకి ఎలా సరిపోతుంది?

సరే, తిండి పాత్ర ఏమీ లేదా అంటే, ఉంది. కానీ ఆ కథ మనం చెప్పుకున్నట్టు లేదు. 1969లో అమెరికాలో చాక్లెట్ మీద ఒక పరీక్ష చేశారు. 65 మందికి, అందులో కొందరు టీనేజీ పిల్లలు, కొందరు జైల్లో ఖైదీలు, నాలుగు వారాలపాటు రోజూ ఒక పెద్ద చాక్లెట్ బార్ పెట్టారు. మరో నాలుగు వారాలు చాక్లెట్ లేని బార్ పెట్టారు. మొటిమల్లో తేడా లేదు, కాబట్టి చాక్లెట్ నిర్దోషి అని ప్రకటించారు. చాక్లెట్ లేని ఆ రెండో బార్‌లో ఏముందంటే చక్కెర, బోలెడు కొవ్వు. అంటే చక్కెర, కొవ్వు, చాక్లెట్ ఒకవైపు, చక్కెర, కొవ్వు ఇంకోవైపు పెట్టి, చూశారా రెండూ సమానమే అన్నారు. ఈ పరిశోధనకి సాయం చేసింది చాక్లెట్ తయారీదారుల సంఘమే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు "తిండికీ మొటిమలకీ సంబంధం లేదు" అని డాక్టర్లు ధీమాగా చెప్పడానికి పనికొచ్చిన ఆధారాల్లో ఇదొకటి. మన వియ్యపురాలు గారు ఏ పరీక్షా లేకుండా తీర్పు చెబుతారని ఆవిణ్ణి తప్పుపట్టేవాళ్ళు ఒకసారి ఇది గుర్తుచేసుకోవాలి.

ఆ తర్వాత 2007లో ఆస్ట్రేలియావాళ్ళు 43 మంది మొటిమలున్న కుర్రాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రక్తంలో చక్కెరని గబుక్కున పెంచని తిండి పన్నెండు వారాలు పెట్టారు. ఆ జట్టుకి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. బరువు కూడా తగ్గారు కాబట్టి మొటిమలు తగ్గింది తిండి వల్లా, బరువు వల్లా అన్న అనుమానం మిగిలింది, అది వేరే సంగతి. లెక్క ఇలా ఉంటుంది. చక్కెర, మైదా, తెల్లన్నం లాంటివి తినగానే ఇన్సులిన్ ఎగబాకుతుంది. ఇన్సులిన్ వెంట ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ ఊపందుకుంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ అనే ఆండ్రోజెన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటి తగ్గుతుంది, దాంతో విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. అన్నీ కలిసి నూనె గ్రంథుల మీద పడతాయి.

ఇప్పుడు చూడండి మన న్యాయం ఎంత గొప్పదో. కంచంలో గుట్టగా తెల్లన్నం, దాని మీద అర చెంచా ఆవకాయ. మొటిమ రాగానే అరెస్టయ్యేది అర చెంచా. గుట్టని ఎవరూ ఏమీ అనరు. రెండోసారి వడ్డిస్తూ "ఆ ఊరగాయ మానెయ్యి, ముఖం చూడు ఎలా ఉందో, ఇంకాస్త అన్నం పెట్టుకో" అంటారు. ఆవకాయకి మాట్లాడేవాళ్ళు లేరు. అన్నానికి మాత్రం తాతముత్తాతలు, పంట పొలాలు, అన్నపూర్ణాదేవి, సమస్త తెలుగుజాతి అండగా ఉన్నారు. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళు తెలంగాణ సోనా అనే రకం బియ్యం తయారుచేశారు, మిగతా సన్నబియ్యం కంటే ఇది రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచుతుందని పేరు. ఇంట్లో షుగర్ వచ్చిన మామయ్యకి ఆ బియ్యం తెస్తాం. మొటిమలొచ్చిన పిల్లకి ముల్తానీ మట్టి తెస్తాం. ఇద్దరి గొడవలోనూ ఇన్సులిన్ చెయ్యి ఉందని తెలిస్తే ఒకే బస్తాతో పని అయిపోతుంది, కానీ అప్పుడు మట్టి ఏం చేసుకోవాలి?

పాల గురించి చెప్పాలంటే నాకు కాస్త భయంగానే ఉంది. 2005లో అమెరికాలో 47 వేలకు పైగా నర్సులని, మీరు హైస్కూల్లో ఉన్నప్పుడు ఏం తినేవాళ్ళు, అప్పట్లో మీకు మొటిమలు ఎక్కువగా ఉండేవా అని అడిగిన అధ్యయనం ఒకటి వచ్చింది. పాలు ఎక్కువ తాగామన్నవాళ్ళలో మొటిమలు కాస్త ఎక్కువ. విచిత్రం ఏంటంటే ఆ సంబంధం వెన్న తీసిన పాలతో ఇంకా గట్టిగా కనబడింది. హైస్కూల్ తిండిని పెద్దయ్యాక గుర్తుచేసుకుని చెప్పిన లెక్క కాబట్టి దీన్ని రుజువు అనలేం, అనుమానం అనగలం. అయినా ఆ అనుమానాన్ని మన ఇళ్ళల్లో పైకి అనే ధైర్యం ఎవరికుంది? పొద్దున్న కాఫీ, పదకొండుకి టీ, సాయంత్రం ఇంకో టీ, రాత్రి "ఒంటికి మంచిది" అని పసుపు వేసిన పాలు. చివరి గ్లాసు మొటిమలు తగ్గడానికే ఇస్తారు. పెరుగు జోలికి నేను వెళ్ళను, ఇంటికి క్షేమంగా చేరాలి.

ఇక సప్లిమెంట్లు. ఇక్కడ మన జాతి ఎంత ముందుకెళ్ళిందో చూస్తే గర్వంగా ఉంటుంది. కూరలో నూనె ఒక చుక్క ఎక్కువైతే "మొటిమలొస్తాయి" అని గిన్నె పక్కకి జరిపే కుర్రాడు, జిమ్ముకెళ్ళి బకెట్ సైజు డబ్బాలోంచి వే ప్రోటీన్ రెండు చెంచాలు కలిపి గటగటా తాగుతాడు. వే అంటే పాల విరుగుడులోంచి తీసిన పొడి, ఇన్సులిన్‌ని బాగా లేపుతుంది, అది మొదలుపెట్టాక వీపు మీదా ముఖం మీదా మొటిమలు వచ్చాయని, మానేస్తే తగ్గాయని డాక్టర్లు రాసిన కేసులు ఉన్నాయి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దని చెప్పింది. తార్నాక నుంచి జిమ్ముకి మాట చేరడం కష్టం, మధ్యలో ట్రాఫిక్ ఎక్కువ. ఇంకొంచెం ముందుకెళ్ళి, కోచ్ మాట విని కండల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్ వేసుకున్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. నూనె గ్రంథులకి ఆండ్రోజెన్ సూదితో అందించి, వాడు రాత్రి కీరా ముక్కలు కళ్ళ మీద పెట్టుకుని పడుకుంటాడు.

నీరసంగా ఉందంటే బీ12. లోపం ఉంటే వేసుకోవాల్సిందే, శాకాహారులకి మరీ. లోపం లేకపోయినా "విటమినే కదా, ఏం చేస్తుంది" అని వేయించుకునేవాళ్ళ కోసం చెప్తున్నా. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మొటిమలు లేని పదిమందికి బీ12 ఇంజక్షన్ ఇస్తే ఒకరికి వారంలో మొటిమలు వచ్చాయి. పదిమందిలో ఒకరంటే చిన్న లెక్కే, దాన్ని పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. కానీ చర్మం మీది ఆ సూక్ష్మజీవి ప్రవర్తన బీ12 వల్ల మారుతుందని ఆ పరిశోధకులు చూపించారు.

జుట్టు కోసం బయోటిన్ గమ్మీలది ఇంకో అద్భుతం. పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాములు సరిపోయే విటమిన్‌ని మనం 10,000 మైక్రోగ్రాముల బిళ్ళలుగా కొంటాం. మొటిమలు తగ్గిస్తుందని దానికి గట్టి ఆధారం లేదు. కానీ రక్తపరీక్షల్ని తికమక పెడుతుందని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. థైరాయిడ్ బాగానే ఉన్నా బాగాలేనట్టు, గుండెపోటుని పట్టిచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ రక్తంలో ఉన్నా లేనట్టు చూపించవచ్చు. అంటే జుట్టు కోసం గమ్మీ, గమ్మీ వల్ల తప్పుడు థైరాయిడ్ రిపోర్టు, రిపోర్టు చూసి టెన్షన్, టెన్షన్‌కి మళ్ళీ జుట్టు రాలడం. ఇంత చక్కగా ఒకదాన్నొకటి పోషించుకునే వ్యాపారాన్ని వేరే దేశంవాళ్ళు చూసి నేర్చుకోవాలి. కాస్తో కూస్తో ఆధారం ఉన్న జింక్‌ని మాత్రం ఎవరూ పొగడరు, దానివల్ల కడుపులో తిప్పుతుంది, పైగా గులాబీరంగు ఎలుగుబంటి ఆకారంలో రాదు.

ఇప్పుడు అసలు విషయం. గొంతు తగ్గించి చెప్పాలి. హార్మోన్లు.

ఫంక్షన్ హాల్లో మూడు టేబుళ్ళ అవతల్నుంచి "ముఖానికేమైంది" అని అడగగలిగిన గొంతు, "నెలసరి సరిగ్గా వస్తోందా?" అని చెవిలో కూడా అడగలేదు. మన మర్యాద అలాంటిది. ముఖం ఊరందరిదీ, దాని కారణం మాత్రం గుట్టు. పెద్దయ్యాక మొటిమలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. చాలామందికి నెలసరికి ముందు వారంలో, దవడ పక్కనా గడ్డం కిందా నొప్పిగా వస్తాయి. వాటితోపాటు నెలసరి తప్పుతూ ఉండటం, గడ్డం మీద వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడటం ఉంటే పీసీఓఎస్ అనే అండాశయాల, హార్మోన్ల సమస్య, మనవాళ్ళు పీసీఓడీ అంటారు కదా, అది ఉందేమో పరీక్షలు చేయించుకోవాలి. అక్కడ కూడా ఇన్సులిన్ గొడవ చాలామందిలో ఉంటుంది. ఇదంతా ఇంట్లో చెబితే ఏమవుతుందో తెలుసా? "ఎవరితోనూ అనకు, సంబంధాలు పోతాయి" అంటారు. సంబంధాలు పోకూడదు కాబట్టి పీసీఓఎస్ అనే మాట పోవాలి. ఆవకాయ మాత్రం జాడీలోంచి బయటికి పోవాలి.

దీనికి పెద్దల దగ్గర మందు కూడా ఉంది. "పెళ్ళయితే అవే తగ్గుతాయి." ఏ మోతాదులో, ఎన్ని వారాలు, దుష్ప్రభావాలేంటి, ఎవరూ చెప్పరు. డాక్టర్ల దగ్గర ఉన్నవి ఇంత ఘనమైనవి కావు, గర్భనిరోధక మాత్రలు, స్పైరనోలాక్టోన్ లాంటివి. స్పైరనోలాక్టోన్ బీపీకి వాడే పాత బిళ్ళ, ఆండ్రోజెన్‌ని అడ్డుకుంటుంది. 2023లో బ్రిటన్‌లో 410 మంది ఆడవాళ్ళ మీద దాని పరీక్ష ఫలితం వచ్చింది. మూడు నెలలకి కొంచెం తేడా, ఆరు నెలలకి బాగా తేడా. గర్భం రావచ్చనుకునేవాళ్ళు వాడకూడదు, డాక్టర్ చూసి రాయాలి. ఆరు నెలలా! ఆదివారం నిశ్చితార్థం పెట్టుకుని ఆరు నెలలు ఎవరు ఆగుతారు?

అందుకే మెడికల్ షాపు. "తెల్లబడటానికి, మొటిమలకి ఒకటే క్రీము" అని అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతికొస్తుంది, ఇది జిమ్ము సూదిలోది కాదు, వాపు తగ్గించే వేరే రకం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. వారంలో ముఖం నిగనిగలాడుతుంది, ఫొటోలు బాగా వస్తాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, క్రీము మానగానే ముందు కంటే ఎక్కువ పొక్కులు వస్తాయి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో నిబంధన కూడా తెచ్చింది. నిబంధన గోడకి తగిలించి ఉంటుంది, ట్యూబు గల్లాపెట్టె పక్కన ఉంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అమెరికా చర్మ వైద్యుల సంఘం. 2024 మార్గదర్శకాల్లో వాళ్ళు రక్తంలో చక్కెరని గబుక్కున పెంచని తిండి, పాలు మానడం, వే మానడం, చాక్లెట్, వీటి గురించి సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవు అని రాసుకున్నారు. అంత చదువుకుని, అంతమంది కూర్చుని, చాలవు అని రాయడానికి మొహమాటం వేయలేదా? మా పక్క ఫ్లాట్ ఆంటీని ఒక్క రోజు కమిటీలో కూర్చోబెట్టి ఉంటే మధ్యాహ్నం భోజనాల వేళకి తేల్చేసేది.

కాబట్టి ప్రభుత్వాలకి, అపార్ట్‌మెంట్ సంఘాలకి, కుటుంబ పెద్దలకి ఒక ప్రతిపాదన. సలహా ఇచ్చే హక్కుని నేను కాదనను, అది మన సంస్కృతి. ఒక్క నిబంధన పెడదాం: ఎవరికైనా పథ్యం చెప్పినవాళ్ళు అదే పథ్యం తామూ పన్నెండు వారాలు చేయాలి, ఆస్ట్రేలియా కుర్రాళ్ళు చేసినన్ని వారాలు. చికెన్ మానమన్నవాళ్ళు చికెన్ మానాలి. టీ మానమన్నవాళ్ళు టీ మానాలి. నాకు పథ్యం చెప్పబోయేవాళ్ళని ఒకటే కోరుతున్నా, ముందుగా తెల్లన్నంతో మొదలుపెట్టండి, నేను ఆవకాయ జాడీ పట్టుకుని లెక్క రాసుకుంటాను.