చిన్నకోడలు, పెద్దమెదడు

రావులపాలేనికి దగ్గర్లో, కాలువగట్టు మీద మా ఇల్లు. మాకూ పక్కింటి సత్యం మేష్టారికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ ఒక్కటే. కాబట్టి వాళ్ల మాటలు వినడానికి నేను ప్రత్యేకంగా చెవి ఒగ్గనక్కరలేదు. మేష్టారు ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తాయారమ్మగారు ఇంకా రిటైరు కాలేదు.

ఆ ఆదివారం గోదావరికి ఎర్రనీరు వచ్చి వారమైంది. పుస్తెలమ్మి తినవలసిన పులస, కిలోన్నర చేప, అల్లుడు ఎక్కడో సంపాదించి ఊరికే పంపించాడు. ఆవిడ మట్టిచట్టి కడిగి బోర్లించి, మేష్టారి చేతికి సంచి ఇచ్చి, ఒక్కటంటే ఒక్క వస్తువు తెమ్మన్నారు. గంటన్నర తరవాత ఆయన సైకిలు వెనక ఒక అరటిగెలతో దిగారు. తీసుకువెళ్లిన గొడుగు లేదు.

తాయారు: ఇదేమిటండీ?

మేష్టారు: చక్కెరకేళి. మార్కెట్లో అప్పుడే దింపుతున్నారు. చవకగా వచ్చింది.

తాయారు: నేను తెమ్మన్నది ఏదీ?

మేష్టారు: అదే... ఆలోచిస్తున్నాను.

తాయారు: మరిచిపోయారు.

మేష్టారు: మరిచిపోవడం వేరు, అసలు నమోదు కాకపోవడం వేరు. మెదడులో హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంటుంది తాయారూ. కణతల లోపలివైపు, చెరో పక్కా ఒకటి. కొత్త సంగతి ఏది వచ్చినా పట్టి నిలవచేసేది అదే. నువ్వు చెప్పినప్పుడు నేను సైకిలు చక్రంలో గాలి చూసుకుంటున్నాను. ధ్యాస అటు ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం?

తాయారు: నోరు తిరగడం లేదు. అదేం పేరండీ?

మేష్టారు: గ్రీకు మాట. సముద్రపు గుర్రం అని అర్థం. ఆకారం అలా ఉంటుంది.

తాయారు: మీ తలలో ఉన్నది గుర్రం కాదు. చాకిరేవులో బట్టలు మోసేది ఇంకొకటి ఉంటుంది చూడండి, అది.

మేష్టారు: నవ్వకు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గుతాయని ఆపరేషన్ చేసి, రెండు పక్కలా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆనాటి నుంచి కొత్త సంగతులు నిలవలేదు. తనను ఏళ్ల తరబడి పరీక్షించిన ఆవిడనే ప్రతిసారీ కొత్త మనిషిని చూసినట్టు చూసేవాడు. 2008లో పోయేదాకా అంతే. విడ్డూరం ఏమిటంటే, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే రోజురోజుకూ చెయ్యి తిరిగింది. నిన్న గీసిన సంగతి గుర్తు లేదు, గీయడం మాత్రం వచ్చేసింది!

తాయారు: మీరు దానికి తలకిందులు. కొబ్బరికాయ ఒలవడం మా నాన్న మీకు నేర్పారు. నేర్పిన సంగతి మీకు ఇప్పటికీ గుర్తుంది. ఒలవడం మాత్రం రాదు.

(ఇది నిజం. ఆయన ఒలిచిన కాయలు రెండు మా పెరట్లోకి వచ్చి పడ్డాయి, వేర్వేరు రోజుల్లో.)

మేష్టారు: ఆ చిప్ప ఇలా ఇవ్వు. చూపిస్తాను.

తాయారు: పచ్చడికి కోరుకోవాలండీ!

మేష్టారు: ఒక్క నిమిషం. ఇదిగో ఈ పెంకు కపాలం అనుకో. దీని లోపల మూడు పొరలు. వరాశిక, లౌతికళ, మృద్వి. ఆ లోపలి రెండు పొరల మధ్య నీళ్లు, మస్తిష్కమేరుద్రవం. మొత్తం 150 మిల్లీలీటర్లు, ఒక టీగ్లాసుడు. మెదడు ఆ నీళ్లలో తేలుతూ ఉంటుంది. అందుకే తల ఊపినప్పుడల్లా ఎముకకు కొట్టుకోదు.

తాయారు: నీళ్లు ఉన్నాయని నమ్ముతాను. గుజ్జు సంగతి చెప్పండి.

మేష్టారు: గుజ్జా? దాదాపు 1,400 గ్రాములు. నీ పులసకు కొంచెం తక్కువ. ఒంటి బరువులో రెండు శాతమే కానీ, ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఇరవై శాతం అదే తినేస్తుంది.

తాయారు: పండక్కి వచ్చిన మీ బావగారిలాగా.

మేష్టారు: ఇదిగో, వెనక, కింద, ఇక్కడ ఉంటుంది చిన్నమెదడు. అనుమస్తిష్కం అని పాఠంలో చెప్పేవాడిని. నువ్వు రెండు చేతులా రెండు బిందెలతో కాలువ మీద తాటిదుంగ దాటి వస్తావే, చుక్క ఒలకదు. ఆ తూకం దాని చలవ. ఏ కండరం ఎంత బిగియాలో, అడుగు ఎక్కడ పడాలో క్షణక్షణం సరిచూస్తుంది.

తాయారు: మీరు పోయినేడు అదే దుంగ మీంచి కాలువలో పడ్డారు.

మేష్టారు: గుర్రపుడెక్క మీద పడ్డాను. దెబ్బేమీ తగలలేదు.

తాయారు: లోపలి గుర్రం ఆదుకోకపోయినా బయటి గుర్రపుడెక్క ఆదుకుంది.

మేష్టారు: అసలు దాని గొప్పతనం విను. మెదడు బరువులో అది పదోవంతు. మొత్తం మెదడులో నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. అందులో సుమారు 6,900 కోట్లు ఆ చిన్నమెదడులోనే ఉన్నాయి.

పొలుసు గీరుతున్న చప్పుడు ఆగిపోయింది. గోడ ఇవతల నేను కూడా పేపరు మడిచాను.

తాయారు: మళ్లీ చెప్పండి.

మేష్టారు: నూటికి ఎనభై పాళ్లు చిన్నమెదడులో.

తాయారు: మరి పెద్దమెదడో?

మేష్టారు: అది మస్తిష్కం. చూడటం, వినడం, మాట్లాడటం, ఆలోచించడం, తీర్పు చెప్పడం... బరువూ దానిదే, పేరూ దానిదే.

తాయారు: అంటే జనమంతా చిన్నదాని దగ్గర, పేరు పెద్దదానికి.

(తాయారమ్మగారు ఆ ఇంటికి చిన్నకోడలు. ఆ సంగతి మేష్టారికి సమయానికి తట్టలేదు. తట్టి ఉంటే మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉండే మజ్జాముఖంతోనే మొదలుపెట్టి ఉండేవారు.)

తాయారు: ఈ గడప తొక్కి నలభై ఏళ్లు. ఊడ్పులప్పుడు ముప్పై మందికి వండి వార్చింది ఎవరు? వాన మబ్బు పడితే కళ్లంలో ధాన్యం మీద బరకాలు లాగింది ఎవరు? మీ అమ్మగారు రాత్రిపూట మంచినీళ్లు అడిగితే లేచింది ఎవరు? వచ్చినవాళ్లేమో “పెద్దకోడలి చెయ్యి అమృతం” అనేవారు. చెయ్యి కాదండీ, గరిట! ఆవిడ చేసింది వడ్డన ఒక్కటే!

మేష్టారు: మెదడులోకి మా వదిన ఎందుకు వచ్చింది?

తాయారు: మీరే తెచ్చారు. ఆ లెక్క ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. సంక్రాంతికి మీ అన్నయ్యగారు వచ్చినప్పుడు చదివి వినిపిస్తాను.

మేష్టారు: కణాల లెక్క వేరు తాయారూ. అక్కడివి చాలా చిన్న కణాలు, అందుకే అన్ని పట్టాయి.

తాయారు: చిన్నవాళ్లమే. అందుకే లెక్కలోకి రాలేదు.

మేష్టారు దగ్గారు. దగ్గును నడిపించేది మజ్జాముఖమే. కానీ ఈ దగ్గు మాత్రం పెద్దమెదడు ఆలోచించి పంపింది.

మేష్టారు: సరే, నుదుటి వెనక భాగం చూద్దాం. 1848లో అమెరికాలో రైలుదారి కోసం కొండరాయి పేలుస్తుంటే, ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ చెంపలోంచి ఇనుప గునపం దూసుకుపోయి నడినెత్తి మీంచి బయటికి వచ్చింది. మనిషి బతికాడు. నెమ్మదస్తుడు కాస్తా నోటికి అదుపు లేనివాడైపోయాడని చూసిన డాక్టరు రాశాడు. తొందరపాటుకు కళ్లెం వేసేది ఆ ముందుభాగమే.

తాయారు: అయితే కొబ్బరికాయలు ఒలిచే గునపం పెరట్లో అందుబాటులో ఉన్నా, నలభై ఏళ్లుగా నన్ను ఆపుతున్నది అదేనన్నమాట.

మేష్టారు: మాట సంగతి చెప్పనా? 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏం అడిగినా “టాన్” అనేవాడు. పోయాక చూస్తే మెదడులో ఎడమపక్క, ముందువైపు దెబ్బతింది.

తాయారు: బ్యాంకు పుస్తకం ఎక్కడ అంటే మీరూ “ఊఁ” తప్ప ఇంకో మాట అనరు.

మేష్టారు: అతనికి అవతలివాళ్లు చెప్పేది అర్థమయ్యేది.

తాయారు: మీకు అదీ లేదు. చింతపండు నానింది, చేప కోశాను. తెమ్మన్నది ఏమిటో ఇప్పటికైనా తేలుతుందా?

మేష్టారు: తేలుతుంది. మార్గం వేరే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎరుగుదువు కదా, 1852లో కాటన్ దొర పూర్తి చేసినది. గోదావరి అక్కడ ఆగి తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు పంచుకుంటుంది. మెదడు నడిమధ్య థాలమస్ అలాంటిదే. కంటికి కనబడింది, చెవికి వినబడింది, ఒంటికి తగిలింది, అన్నీ ముందు అక్కడికి చేరి, అక్కడి నుంచి ఎవరి చేలకు వాళ్లకు పారతాయి. ఒక్క వాసన మాత్రం ఆ లాకు దగ్గర ఆగదు. ముక్కులోంచి తిన్నగా, భయాన్నీ బెదురునూ చూసుకునే బాదంగింజంత అమిగ్దలకూ, హిప్పోకాంపస్ ఇరుగుపొరుగుకూ వెళ్లిపోతుంది. అందుకే ఒక్క వాసన తగిలితే ఎప్పటి సంగతో గుప్పుమంటుంది.

తాయారు: ఆనకట్టతో పని లేకుండా గట్టుకు దొంగతూము పెట్టుకున్నట్టు.

మేష్టారు: అబ్బ! ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ముక్క తట్టలేదు.

సరిగ్గా అప్పుడు మా వంటింట్లో పప్పుచారుకు ఇంగువ పోపు పడింది. మా ఆవిడ పోపు వేస్తే కాలువ అవతలి గట్టుకు కూడా తెలుస్తుంది. మేష్టారి ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. కళ్లు మూశారు. తెరిచారు.

మేష్టారు: ఇంగువ! తాయారూ, ఇంగువ! చూశావా శాస్త్రం!

తాయారు: ఇంగువ పోయిన ఆదివారం తెమ్మన్నాను.

మేష్టారు: ఆఁ?

తాయారు: వారం ఆలస్యంగా నీళ్లు వచ్చాయి. శివారు పొలం కదా.

మేష్టారు: మరి ఈ రోజుది?

తాయారు: ఇలా వచ్చి చట్టిలోకి చూడండి. చేపముక్కలు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు పులుసు. ఇంకా ఏం పడాలి?

ఆయన వంగి చాలాసేపు చూశారు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు కూడా అంతసేపు చూసి ఉండరు.

మేష్టారు: అరటికాయా?

తాయారు: బెండకాయలండీ, బెండకాయలు! తింటే మతి నిలుస్తుందని మీ అమ్మగారు చెప్పేవారు కదా, ఎప్పుడైనా పెట్టారా మీకు?

మేష్టారు: దానికి శాస్త్రీయంగా రుజువేమీ...

తాయారు: సంచి తీసుకోండి. పావుకిలో, లేతవి. వస్తూ వస్తూ ఆ గొడుగు కూడా తెచ్చుకోండి.

మేష్టారు: ఏ గొడుగు?