నల్లపూల బాల్కనీ గురించి వదినకీ నాకూ జరిగిన వాదన

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మేం కొత్తగా దిగిన ఫ్లాట్‌కి తూర్పు వైపు చిన్న బాల్కనీ ఉంది, సముద్రం గాలి తిన్నగా వచ్చి కొడుతుంది. దాన్నిండా ముదురు రంగు పూలే, చూడ్డానికి నల్లగా ఉండేవే పెట్టాలని నా కోరిక. మా వదినకి అది అస్సలు నచ్చలేదు. దసరా ముందు ఆదివారం పొద్దున్న టీ దగ్గర మొదలైన మాట అన్నాలు తినే వేళ దాకా సాగింది, గుర్తున్నంతవరకూ రాస్తున్నా.

వదిన: గృహప్రవేశం అయ్యి నెల తిరగలేదు, ఎదురుగా నల్లపూలేటమ్మాయ్? నందివర్ధనం పెట్టు, మల్లి పెట్టు, పొద్దున్నే నాలుగు పూలు కోసుకుని దేవుడికి పెట్టుకోవచ్చు కదా.

నేను: నలుపు అంత చెడ్డదైతే నీ మెళ్ళో నల్లపూసలెందుకున్నాయి వదినా? పిల్లాడికి నీళ్ళు పోసిన వెంటనే బుగ్గన పెట్టే చుక్క కూడా నలుపే.

వదిన: ఆ చుక్క చిన్నది కాబట్టే బాగుంటుంది. మొహమంతా కాటుక పులిమితే ఏం బాగుంటుంది? నువ్వు బాల్కనీ అంతా పులుముతానంటున్నావు.

(ఈ మాట దగ్గర కాసేపు నాకు జవాబు దొరకలేదు.)

నేను: సరే, అది తర్వాత ఒప్పుకుంటా. ముందు ఒకటి చెప్పనీ, నల్లపువ్వనేది నిజంగా నల్లగా ఉండదు. మొన్న ఒకళ్ళింట్లో ముదురు మెరూన్ డాలియా చూశా, దూరం నుంచి బొగ్గులా ఉంది, రాలిన రేక ఒకటి తీసి ఎండకి ఎదురుగా పట్టుకుంటే లోపలంతా ద్రాక్షరసం ఎరుపు, సన్నటి గీతలు కూడా కనపడ్డాయి. ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం రేకలో చిక్కగా పేరుకుపోతే వెలుతురు దాదాపు అంతా అందులోనే ఇంకిపోతుంది, అందుకే మన కంటికి నలుపు. డాలియాలో ఎందుకలా అవుతుందో వియన్నా శాస్త్రవేత్తలు 2012లో రాశారు. మామూలుగా లేత రంగు పదార్థాలు తయారవ్వడానికి పోయే ముడిసరుకు, అక్కడ దారి మూసుకుపోవడంతో ఈ ఎరుపు వైపు మళ్ళుతుందట. దగ్గరకెళితే తప్ప తెలియని రంగు అది, నాకు కావాల్సింది అదే.

వదిన: దగ్గరకెళ్ళి నేనూ చూశాలే. నల్లగులాబీ విత్తనాలని ఫోన్లో ఫోటో చూసి తెప్పించా, బొగ్గులాంటి పువ్వు బొమ్మ, ఆరు వారాలు నీళ్ళు పోస్తే ఏదో గడ్డి మొలిచింది. డబ్బులు పోతే పోయాయి, రోజూ లేచి కుండీ చూసుకున్నానే, అది బాధ.

నేను: అలాంటి గులాబీయే లేదు వదినా, ఆ ఫోటోల్లో రంగు కంప్యూటర్లో మార్చిందే. ఒకవేళ ముదురు రకం ఉన్నా గింజ వేస్తే తల్లి మొక్కలాగే వస్తుందని నమ్మకం లేదు, అందుకే అంట్లు కడతారు. కడియం నర్సరీల నుంచొచ్చే అంటు మొక్కని పూసి ఉన్నప్పుడు కళ్ళారా చూసి కొనడమే. అదైనా చలికాలం ముదురుగా పూసి ఎండలు ముదిరాక ఎర్రబడిపోతుంది, వేడికి ఆ రంగు సరిగ్గా పట్టదు.

వదిన: మరి మన వైజాగులో చల్లగా ఉండేది ఎన్నాళ్ళు? డిసెంబరు, జనవరి. మిగతా ఏడాదంతా ఉక్క, ఉప్పుగాలి. పైగా ఇవి తుఫాను రోజులు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా డాబా మీది కుండీ ఒకటి ఎగిరి పక్కింటి రేకుల మీద పడింది, మర్చిపోయావా.

నేను: మర్చిపోలేదు, కుండీలన్నీ గ్రిల్లు లోపలే, నేల మీదే. తులిప్‌ల్లో క్వీన్ ఆఫ్ నైట్ అని దాదాపు నల్లటి రకం ఉంది, దానికి పూత రావాలంటే వారాల తరబడి గట్టి చలి తగలాలి, కాబట్టి మనకి కుదరదు, దాని మీద ఆశే పెట్టుకోలేదు. పెటూనియాలో బ్లాక్ వెల్వెట్ దొరికితే రెండు నెలల ముచ్చట. ఏడాది పొడుగునా అంటే గ్రిల్లుకి ముద్ద శంఖుపుష్పం, ఆ నీలం పొద్దున వెలుతురులో ఎంత లోతుగా ఉంటుందో. ఇంకోటి నల్ల ఉమ్మెత్త, బయట ఊదా, లోపల తెలుపు, గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఉంటుంది.

వదిన: ఉమ్మెత్త వద్దు. చిన్నోడు నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటున్నాడు, ఆ కాయ, గింజ అంతా విషం. ఈ విషయంలో నేను వినను.

ఇందులో వదినదే కరెక్టు, ఉమ్మెత్త అక్కడికక్కడే కొట్టేశాను.

వదిన: ఇంకోటి చెప్పు. నువ్వు ఆఫీసు నుంచొచ్చేసరికి ఏడు దాటుతుంది, చీకట్లో నల్లపువ్వు ఎవరికి కనపడుద్ది? మల్లైతే కనపడకపోయినా వాసనొస్తాది.

నేను: దీనికీ, నువ్వు ఇందాక చెప్పిన చుక్కకీ కలిపి ఒకటే జవాబు. నల్లపువ్వుని ముదురు ఆకుల మధ్య పెడితే పగలైనా కనపడదు. వెనక తెల్లటి గోడ ఉండాలి, పక్కన లేత ఆకు మొక్కో, తెల్లపువ్వో ఉండాలి. కాబట్టి నీ నందివర్ధనం, నీ మల్లి రెండూ వస్తాయి, వాటి మధ్యలో మూడో నాలుగో ముదురువి, అంతే. సాయంత్రం వాసన మల్లిది, పొద్దున్న ఆరింటికి ఎండ పక్కనుంచి పడినప్పుడు రంగు వీటిది.

వదిన: అలాగైతే ఆ గోడకి ముందు సున్నం కొట్టించు, ఇప్పుడున్న గచ్చు రంగు మీద ఏదీ ఆనదు. సీతమ్మజడ ఎందుకు అడగలేదు నన్ను? మా డాబా మీద మొన్న సంక్రాంతికి పూసింది ముదురు మెరూన్, ముఖమల్ గుడ్డలా ఉండేది.

నేను: అది బీట్‌రూట్ జాతి రంగు వదినా, ఆంథోసయనిన్ కాదు, మన ఎండకి బాగా తట్టుకుంటుంది. విత్తనం ఉంచావా?

లేచి వెళ్ళి పోపులపెట్టె వెనక నుంచి కాగితం పొట్లం తెచ్చింది. విప్పితే గసగసాలంత గింజలు, నున్నగా, నిగనిగలాడుతూ, కాటుకంత నలుపు.

వదిన: లోతుగా పాతకు, పైపైన చల్లి అరచేత్తో అద్దు, నీళ్ళు చిలకరించు. ఈ వారంలో వేస్తే గొబ్బెమ్మలకి అందుతాయి.