తొట్టిలో చుక్క లేదు, నిండిందంటుంది!

కడపలో ముసురు పట్టి నాలుగు రోజులైంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు మాది. తడిగుడ్డలు గుట్టపడ్డాయి. డ్రయ్యరేమో పది నిమిషాలకే ఆగి, నీళ్లతొట్టి నిండిందని కోడ్ చూపిస్తుంది. తీసి చూస్తే చుక్క లేదు! సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే, చూడకుండానే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. కడుపు మండిపోయింది.

ప్లగ్గు పీకి, కింద మూత తెరిచి, ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్ బయటికి లాగాను. వెనక గుంటలో నూలుపీచు తడిసి ముద్దలు ముద్దలుగా పేరుకుపోయింది. బట్టల్లోని ఆవిరి నీరై ఆ గుంటలోకే చేరుతుంది, అక్కడి నుంచి పంపు పైతొట్టిలోకి తోడాలి. నీళ్లు పెరిగితే పైకి తేలి నిండిందని చెప్పే ఫ్లోటు, పీచు అడ్డంపడి పైనే ఇరుక్కుపోయింది, అంతే! పాత పళ్లబ్రష్షుతో గీకి తీసేసరికి నడిచింది.

ఈ ఒక్క ముక్క అమ్మేటప్పుడు ఎందుకు చెప్పరు? రెండు రోజులు ఆ పసిదానికి చెమ్మ ఆరని గుడ్డలే కట్టాం.