ఏ వెర్షన్‌కో చెప్పి అమ్మండి

కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్లకి విడిగా అమ్మే విమానం యాడ్-ఆన్ పేజీలో రెక్కల మీది రివెట్లు లెక్కపెట్టుకునేంత దగ్గరగా ఫోటోలు. ఎందులో పనిచేస్తుందో మాత్రం అడుగున ఒకే ముక్క: "ఎఫ్‌ఎస్‌ఎక్స్, పీ3డీ". ఇవి ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, ప్రిపేర్3డీ అనే సిమ్యులేటర్ల పొట్టి పేర్లు. పీ3డీ అంటే ఏ వెర్షన్ బాబూ? మూడో వెర్షన్ దాకా 32 బిట్, 2017లో వచ్చిన నాలుగు నుంచి 64 బిట్. 32 బిట్ డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్ ఫైలు)తో చేసిన గేజ్‌లు, అంటే కాక్‌పిట్ మీటర్లు, 64 బిట్ దాంట్లో లోడే కావు. బయటికి విమానం నిగనిగలాడుతూ రన్‌వే మీద ఉంటుంది, కాక్‌పిట్‌లో మీటర్లన్నీ నల్లగా చచ్చిపడుంటాయి.

"ఎంఎస్‌ఎఫ్‌ఎస్" (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్) అని రాసి ఊరుకునేవాళ్లు ఇంకో రకం. 2020దా, 2024దా? యాడ్-ఆన్లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్ రెండిటికీ ఉంది కదా, పడేస్తే సరి అనుకుంటారు. మామూలు సీనరీ (ఎయిర్‌పోర్టులు, ఊళ్ల దృశ్యాలు) చాలావరకు నడుస్తుంది; సొంత సిస్టమ్స్ ఉన్న విమానాలతోనే తంటా. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్ 11.50 వెర్షన్‌లో వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతి వచ్చాక, పాత పద్ధతి ఓపెన్‌జీఎల్ ప్లగిన్ల గోల సరేసరి.

కొనేముందు మాన్యువల్, చేంజ్‌లాగ్ (ఏ అప్‌డేట్‌లో ఏం మార్చారో రాసిన జాబితా) అడగండి. చివరి అప్‌డేట్ తేదీ చూడండి. కొన్నాకే ఇస్తామంటే వదిలేయండి. డౌన్‌లోడ్ నొక్కితే రీఫండ్ లేదన్న సంగతి మాత్రం ఎంత స్పష్టంగా రాస్తారో! సిమ్యులేటర్ ఏ బిల్డ్ మీద పరీక్షించారో, వేరే డీఎల్‌సీ (అదనపు ప్యాక్) ఏమైనా కావాలో రాయడానికే చోటు చాలదు.