144 గారికి ఓ జిరాక్స్ షాపువాడి విన్నపం

గౌరవనీయులైన సెక్షన్ 144 గారి దివ్యసముఖమునకు మీ విధేయుడు వ్రాసుకొను విన్నపము ఏమనగా...

ఆగండాగండి. అలవాటు కొద్దీ వేళ్లు వాటంతటవే కొట్టేశాయి. గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊళ్లో, జూనియర్ కాలేజీ ఎదురుగా పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నవాణ్ణి. ఊళ్లో ఎవరికి ప్రభుత్వం మీద కోపమొచ్చినా ఆ కోపం ముందు నా దగ్గరే టైపవుతుంది. అంగన్‌వాడీ టీచర్లు, ఆటోవాళ్లు, డీఎస్సీ కోసం ఎదురుచూసి జుట్టు నెరిసిన పిల్లలు, మిర్చికి రేటు లేదనే రైతులు... అందరి వినతిపత్రాలూ నా కంప్యూటర్లో 'ధర్నా' అనే ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయి. ముఖ్యమంత్రి మారినప్పుడు పాత పేరు తీసి కొత్త పేరు పెడతాను. మిగతా కాగితాన్ని ముట్టుకునే పని ఇంతవరకూ పడలేదు.

ఇప్పుడు మీ పేరూ మారిందటగా. 2024 జులై 1 నుంచి తమరు 144 కాదు, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. పెళ్లయి ఇంటిపేరు మారినా పుట్టింటివాళ్లు పాత పేరుతోనే పిలుస్తారు కదా, నేనూ 144 గారూ అనే పిలుస్తాను, ఏమీ అనుకోకండి. తెల్లవాళ్ల 1898 నాటి కోడ్‌లో మీరు 144. మనవాళ్లు 1973లో ఆ కోడ్ తీసేసి కొత్తది రాసుకున్నారు, అందులోనూ మీరు 144. ఇప్పుడు వలస పాలన వాసన వదిలిస్తున్నామని చెప్పి నంబరు మార్చారు. మిమ్మల్ని మాత్రం కదల్చలేదు.

కదల్చకపోగా రేటు పెంచారు. మీ మాట మీరితే పాత శిక్షాస్మృతి 188 కింద మామూలుగా నెల రోజుల జైలో, రెండొందల జరిమానానో ఉండేది. కొత్త న్యాయ సంహిత 223లో అది ఆర్నెల్లు, 2,500 రూపాయలు. నేను షాపు పెట్టినప్పుడు కాపీ రూపాయి, ఇప్పుడు రెండు. మీ ఎదుగుదల చూస్తే కన్నుకుట్టదూ మరి?

మనిద్దరి పరిచయం ఏటా మార్చిలోనే. ఇంటర్ పరీక్షలొచ్చాయంటే పేపర్లో ఆ లైను పడాల్సిందే: పరీక్షా కేంద్రాల వద్ద 144 సెక్షన్, జిరాక్స్ కేంద్రాల మూసివేత. కత్తులు, కర్రలు, జిరాక్స్ మిషన్లు, ఒకే వరసలో. ఓసారి ఇలాగే ఉదయం ఏడున్నరకి షట్టరు దించేసి పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఓ హోంగార్డు వచ్చారు.

"అన్నా, తెరువు. పాతిక కాపీలు. అర్జంటు."

"మూసెయ్యమంది మీరేగదండీ."

"అది పిల్లకాయల కోసంలే. ఇది గవర్నమెంటు పని. సగం ఎత్తు, చాలు."

సగం ఎత్తిన షట్టరు కిందనుంచి నడుం వంచి లోపలికెళ్లాం. కాగితం గాజు మీద బోర్లించబోతూ చదివాను. సాక్షాత్తూ తమరే! కేంద్రం చుట్టుపక్కల ఐదుగురు అంతకు మించి గుమికూడరాదు, జిరాక్స్ సెంటర్లు తెరవరాదు. తెరవకూడని షాపులో, తెరవకూడదన్న కాగితాన్ని పాతికసార్లు తీశాను. మా కుర్రాడితో కలిపి లోపల సరిగ్గా ఐదుగురం. వాడే లెక్కపెట్టి నా చెవిలో చెప్పాడు. హోంగార్డుకీ వినబడినట్టుంది, టీ తాగొస్తానని బయటికెళ్లిపోయాడు.

ఆ ఐదు లెక్క మీద నాకు మొదట్నుంచీ ఓ అనుమానం. తెలుగులో లోకమంటే నలుగురు. నలుగురిలో నవ్వులపాలయ్యాడంటాం, నలుగురూ నడిచే దారి అంటాం, పోయినప్పుడు మోయడానికీ ఆ నలుగురే. నలుగురి దాకా వస్తే మీకు అభ్యంతరం లేదు. ఐదోవాడు రాగానే శాంతిభద్రతలకి విఘాతం. పంచాయతీ అన్న మాటలోనే ఐదుగురున్నారే, దాన్నేం చేస్తారు? పాండవులు అరణ్యవాసంలో ఉన్నారు కాబట్టి బతికిపోయారు గానీ ఏ జిల్లా కేంద్రంలోనో కనబడి ఉంటే, ద్రౌపదితో కలిపి మినీ వ్యాన్ ఎక్కించేవాళ్లు. ఇంకో విచిత్రం, మిమ్మల్ని ఎంత వెతికి చదివినా మీలో ఐదు అన్న అంకే లేదు. అది చట్టవిరుద్ధ సమావేశానికి శిక్షాస్మృతి ఇచ్చిన లెక్క. ఉత్తర్వులు రాసేవాళ్లు అక్కణ్ణుంచి తెచ్చి మీకు తగిలిస్తారు. ఎవరి టెంప్లేట్ వాళ్లకుంటుంది.

మీ వంశం గొప్పదని ఒప్పుకుంటాను. 1917 ఏప్రిల్‌లో చంపారన్‌లో గాంధీగారిని జిల్లా వదిలి పొమ్మని మీ పేరుతోనే నోటీసిచ్చారు. ఆయన పోలేదు, కోర్టుకెళ్లి అవునండీ ఉత్తర్వు మీరానని చెప్పాడు, చివరికి సర్కారే కేసు వెనక్కి తీసుకుంది. చీరాల-పేరాల ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1921లో బరంపురంలో మాట్లాడొద్దంటే మాట్లాడి ఏడాది జైలుకెళ్లాడు. అటు నైజాంలో మీకు దాయాది ఒకాయన ఉండేవాడు, గస్తీ నిషాన్ 53 అని. ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టకూడదనేవాడు. ఆంధ్ర మహాసభ పెద్దలు ఆయన్ని ఎత్తేయమని తీర్మానాలు చేసీ చేసీ అలిసిపోయారు. ఇక మీ తోడబుట్టిన ఆయన, 1861 పోలీసు చట్టంలో సెక్షన్ 30, ఇప్పటికీ మా జిల్లాలో డ్యూటీలోనే ఉన్నాడు. ఊరేగింపులకి లైసెన్సు అడుగుతుంటాడు.

ఆ లైసెన్సు కాగితం తయారుచేసేది కూడా నేనే. ఎంతమంది వస్తారు, ఎన్ని వాహనాలు, మైకు ఉంటుందా, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, గొడవ జరిగితే బాధ్యులెవరు, వారి ఆధార్ జతపరచాలి. ఆక్రోశం ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం ఒంటిగంటకి చల్లారుతుందని హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. మర్నాడు సాయంత్రం జవాబొస్తుంది. ట్రాఫిక్‌కు అంతరాయం దృష్ట్యా అనుమతి నిరాకరించడమైనది. ఆ తెల్లారి నాలుగింటికి సంతకం పెట్టినవాళ్ల ఇంటిముందు జీపు. ఫోన్ నంబరుతో సహా అడ్రసు ఇచ్చింది వాళ్లేగా, వెతుక్కునే శ్రమ కూడా లేదు.

2023 డిసెంబరు 12న మా రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు, నలభై రెండు రోజులు చేశారు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా తెచ్చింది, అదే అత్యవసర సేవల్లో సమ్మె చెయ్యకూడదనే చట్టం. ఎస్మా తమరికి మరదలు వరసనుకుంటాను. ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం నలుగురు టీచర్లు కరపత్రం కొట్టించుకోడానికి వచ్చారు. ముగ్గురు లోపలికొచ్చారు. నాలుగో ఆవిడ ఎండలో మెట్టు కిందే నిలబడింది. "రామ్మా, ఫ్యానుంది" అన్నాను. "వద్దన్నా, నువ్వూ కుర్రాడూ కలిస్తే ఎక్కువైపోతాం" అంది. ఆవిడ నవ్వుతూనే అంది గానీ, పని అయ్యేదాకా పైట నెత్తిన కప్పుకుని అక్కడే నిలబడింది. నేనావేళ ఐదారు అక్షరాలు తప్పు కొట్టాను.

ఇదంతా చూసి మీరేదో ఒక పార్టీ మనిషనుకుంటే పాపం చుట్టుకుంటుంది. మిమ్మల్ని తిట్టని ప్రతిపక్షం లేదు, మీతో కాపురం చెయ్యని ప్రభుత్వం లేదు. హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్ సంగతే చూడండి. ఉద్యమం చేసి వచ్చిన ప్రభుత్వం 2017లో అక్కడ ధర్నాలొద్దంది. స్థానికులకి ఇబ్బందట. మే 15న ధర్నా చౌక్ కావాలన్నవాళ్లూ, వద్దన్న స్థానికులూ ఎదురుపడి కొట్టుకున్నారు. తీరా చూస్తే ప్లకార్డు పట్టుకున్న ఓ స్థానికురాలు మఫ్టీలో ఉన్న పోలీసు అధికారి అని పత్రికలు ఫోటోలతో సహా వేశాయి. (ఆ ప్లకార్డు ఏ షాపులో కొట్టించారో, అడ్వాన్సు ఇచ్చారో లేదో అని నా వృత్తిపరమైన బెంగ.) 2018 నవంబరులో హైకోర్టు చెబితే గానీ చౌక్ తెరుచుకోలేదు. మూడేళ్లు తిరిగేసరికి, 2021 నవంబరు 18న, ధాన్యం కొనాలంటూ కేంద్రం మీద మహాధర్నాకి ముఖ్యమంత్రి కేసీఆర్‌గారే వచ్చి కూర్చున్నారు. ఎక్కడనుకున్నారు? అక్కడే. ఆ రోజు స్థానికులకి ఇబ్బంది కలగలేదు.

తర్వాతి ప్రభుత్వం 2023 డిసెంబరు 7న ప్రమాణస్వీకారం రోజే పాత ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్ ముందు ఇనుపకంచెలు పీకించింది. జనం చప్పట్లు కొట్టారు, టీవీలో చూసి నేనూ కొట్టాను. నిండా ఏడాది కాలేదు, 2024 అక్టోబరు చివర్లో హైదరాబాద్‌లో మీరు కొత్త పేరుతో నెల రోజులకి దిగిపోయారు. ఆ రోజుల్లో వీధికెక్కి ఉన్నదెవరు? బెటాలియన్ కానిస్టేబుళ్లు, వాళ్ల భార్యలు! ఒకే పోలీసు విధానం కావాలని. 39 మందిని సస్పెండ్ చేశారు, పది మందిని ఉద్యోగంలోంచే తీసేశారు. జీవితమంతా జనానికి మిమ్మల్ని చదివి వినిపించినవాళ్లకి మిమ్మల్ని చదివి వినిపించడమంటే... ఇంత నిష్పక్షపాతం ధర్మరాజుకీ లేదు. అప్పుడు కూడా ధర్నా చౌక్‌కి మాత్రం మినహాయింపిచ్చారండోయ్. ఒకరు మూసింది ఇంకొకరు తెరిచి, మిగతా ఊరు మూశారు.

మా వైపూ తక్కువ తినలేదు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట రాగానే అమరావతి ఊళ్లలో రైతులు రోడ్డెక్కారు, వాళ్ల వెంటే మీరూ, సెక్షన్ 30గారూ ట్రాక్టరెక్కి వచ్చేశారు. 2022 డిసెంబరులో కందుకూరు తొక్కిసలాటలో ఎనిమిది మంది, జనవరి 1న గుంటూరులో ముగ్గురు పోయారు. ఆ చావులు నిజం, ఆ నిర్లక్ష్యం నిజం, వాటి మీద ఎవరు ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు. కానీ మర్నాడే వచ్చిన జీవో నంబరు 1 రోడ్ల మీద సభలకే తాళం వేసింది. కాలు బెణికితే కాలు తీసేసే వైద్యం. 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు జీవో ఇచ్చినవాళ్లు ఇప్పుడు మా నాయకుడి పర్యటనకి ఇన్ని ఆంక్షలేంటని అడుగుతున్నారు, అప్పుడు అడిగినవాళ్లు ఇప్పుడు ఆంక్షలు పెడుతున్నారు. ఏ రోటి కాడ ఆ పాట. రోలు మాత్రం తమరే.

టీవీ అన్నాను కాబట్టి మీ కజిన్ గురించి ఒక మాట. ఆయన పేరు సాంకేతిక లోపం. మీరు రోడ్డు చూసుకుంటే ఆయన కేబుల్ వైరు చూసుకుంటాడు. కాగితం ఉండదు, సంతకం ఉండదు, అందుకే నాకు ఆయన వల్ల పైసా గిరాకీ లేదు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్లోంచి మాయమయ్యాయి. 2019లో మా దగ్గర ఏబీఎన్, టీవీ5. 2024 జూన్‌లో ప్రభుత్వం మారీ మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ. ఢిల్లీ హైకోర్టు కలగజేసుకుని టీవీ9 తిరిగి ఇవ్వమంటే గానీ ఆ వైరుకి ప్రాణం రాలేదు. మా షాపులో టీవీ ఉంది. ఎవరి హయాంలో ఏ చానెల్‌కి జలుబు చేస్తుందో మా కుర్రాడికి నోటికొచ్చు. ఎన్నికల ఫలితాలు చూసి రిమోట్‌లో నంబర్లు వాడే మార్చుకుంటాడు. పేపర్ల మీదయితే జీవోలున్నాయి. తండ్రి రాజశేఖరరెడ్డిగారి హయాంలో 2007లో 938 వచ్చింది, జర్నలిస్టులు రోడ్డెక్కితే పక్కన పెట్టారు. కొడుకు జగన్‌గారి హయాంలో 2019 అక్టోబరులో 2430 వచ్చింది, తప్పుడు వార్త అనిపిస్తే ఏ శాఖకి ఆ శాఖ కార్యదర్శే కేసు పెట్టొచ్చని. ఆస్తులతో పాటు జీవోలకీ వారసత్వం ఉంటుందని అప్పుడే తెలిసింది.

మీ ఆయుష్షు రెండు నెలలేనని చట్టంలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే మరో ఆర్నెల్లు. కానీ ఢిల్లీ నడిబొడ్డున మీరు రెండు నెలలకోసారి చచ్చి పుడుతూ ఏళ్లకేళ్లు నడిపేశారు, 2018లో సుప్రీంకోర్టు ఇదేం పద్ధతని అడిగేదాకా. 2020 జనవరి 10న కాశ్మీర్ కేసులో అదే కోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: న్యాయమైన అభిప్రాయాన్నీ, అసంతృప్తినీ నొక్కడానికి మిమ్మల్ని వాడొద్దు, ఊరికే మళ్లీ మళ్లీ తీయొద్దు, తీసిన ప్రతి ఉత్తర్వూ జనానికి తెలిసేలా ప్రచురించాలి. మూడింటిలో మొదటి రెండింటి సంగతి నాకు తెలీదు. మూడోదాని పుణ్యమా అని నాకు పాతిక కాపీలు తగిలాయి.

అసలు విషయానికొస్తాను. మళ్లీ మార్చి వస్తోంది. షట్టరు దించేస్తాను, ఎదురు చెప్పను. అయితే ఈసారి ఉత్తర్వు కాపీలు ముందురోజు సాయంత్రమే తీయించుకోమని మీవాళ్లకి చెప్పండి. నడుం వంచి షట్టరు కింద దూరడానికి నాకిప్పుడు డిస్క్ సమస్య. వచ్చేటప్పుడు ముగ్గురికి మించకుండా రమ్మనండి. మేమిద్దరం ఎలాగూ ఉంటాం, ఆ లెక్కకే ఐదుగురం అయిపోతాం గానీ, ఒకర్ని టీకొట్టు దగ్గర ఆపుదాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రొప్రైటర్.

తా.క.: పాత బాకీ ఒకటుంది. కాపీలు ఇరవై ఐదు, ఒక్కోటి రెండు రూపాయల చొప్పున యాభై. ఆ రోజు మెమో ఇస్తాం, పైనుంచి శాంక్షన్ కావాలన్నారు. మూడు మార్చిలైంది. అడగడానికి వెళ్దామంటే తోడుగా నలుగురు వస్తామంటున్నారు.